శిలీంధ్రాల మేత – కొత్త వస్తువుల పుట్టుక
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు బూజును గురించి ప్రసంగిస్తానంటే మన కార్యవర్గ సభ్యులు కొంచెం తటపటాయించారు. పండుగకు ఇల్లు దులిపి, సున్నం కొట్టి, మామిడి తోరణాలు కట్టుకుని వచ్చినవారి ముందు మళ్లీ బూజే తెచ్చి పెట్టడం మర్యాద కాదని వారికి తోచి వుండవచ్చు. నేను చెప్పబోయేది ఇంటి మూలల్లో వేలాడే సాలెగూటి బూజు కాదు. వానాకాలంలో పాత చెప్పుల మీద, ఊరగాయ జాడీలో, తడిసిన కట్టెల మీద పట్టే బూజు. శాస్త్రజ్ఞులు దీన్ని శిలీంధ్రం అంటారు. పుట్టగొడుగు కూడా ఈ కుటుంబంలోదే. ఇప్పుడు అనేక దేశాలలో దీనికి తగిన మేత పెట్టి, కోరిన రూపంలో పెంచి, పెట్టెలు, పలకలు, తోలువంటి పట్టలు తయారు చేస్తున్నారు. ఏ మేత పెడితే ఎట్లాంటి వస్తువు వస్తుందన్నదే ఈనాటి నా విషయం. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలవారమైన మనకు ఈ విద్యతో ఏమైనా పని వున్నదా అన్నది దాని వెంబడి వచ్చే ప్రశ్న.

మనలో కొందరి తాతలు ఎన్నడో పెన్న దాటి వచ్చారు. కొందరు ఉద్యోగరీత్యా నిన్న మొన్న వచ్చారు. బాగేపల్లిలో తరతరాలుగా వున్నవారికైతే వలస అన్న మాటే పొసగదు. వారు కదలలేదు, రాజ్యాల సరిహద్దులే వారి పక్కగా నడిచిపోయాయి. ఎట్లా వచ్చినవారమైనా ఒక విషయంలో మనమంతా ఒకటే. పెన్న, చిత్రావతి, పాపఘ్ని మూడూ ఈ జిల్లా కొండల్లోనే పుట్టి తెలుగుదేశానికి నడిచిపోతాయి గాని, మన కళ్లముందు వాటిలో నీళ్లు కనిపించే రోజులు తక్కువ. బోరుబావి లోతు చూసుకుని బ్రతికే సీమ మనది. ఇక్కడ ఏ కొత్త పరిశ్రమ మాట ఎత్తినా మొదట అడగవలసిన ప్రశ్న నీళ్లెన్ని కావాలని.

పట్టుపురుగులు పెంచే ఇంట్లో పుట్టినవారికి నా ఉపన్యాసంలో సగం ముందే తెలుసు. శిడ్లఘట్ట గూళ్ల సంతకు బండి కట్టిన రైతును అడగండి, పట్టు ఎక్కడ తయారవుతుందని. పురుగు కడుపులో అనడు, మల్బరీ తోటలో అంటాడు. చాకీ దశలో పసి పురుగుకు లేత ఆకు, సన్నగా తరిగి పెట్టాలి. గాలిలో తేమ నూటికి 85 పాళ్లకు తగ్గకూడదు. నాలుగు జ్వరాలు దాటి అయిదో దశకు వచ్చిన పురుగుకు ముదురు ఆకు కావాలి, తేమ తగ్గాలి. జీవితకాలంలో తినే ఆకులో ఎక్కువ భాగం అది ఆ చివరి దశలోనే తింటుంది. ఆ వారం రోజులు ఆకు చాలకపోయినా, తడి ఆకు వేసినా గూడు పలచబడుతుంది. పురుగు పండగానే చంద్రికల మీదికి ఎక్కించాలి. గూడు కట్టిన తరువాత లోపలి ప్యూపాను వేడితో ఆపకపోతే అది సీతాకోకచిలుకై గూటిని చీల్చుకుని పోతుంది, దారం తెగిపోతుంది. మేత, తేమ, వేడి, తగిన సమయంలో ఆపడం - ఈ నాలుగూ కలిస్తే పట్టు. శిలీంధ్రంతో వస్తువు చేయడమూ సరిగ్గా ఈ నాలుగు పనులే. పురుగు స్థానంలో బూజు, గూటి స్థానంలో అచ్చు.

ఇక శిలీంధ్రం సంగతి. మనకు కంటికి కనిపించే పుట్టగొడుగు దాని పండు మాత్రమే. అసలు జీవి మట్టిలోనో, కట్టెలోనో తెల్లని పోగుల రూపంలో వుంటుంది. ఒక్కొక్క పోగు మన తల వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. పోగు కొన పెరుగుతుంది, చీలుతుంది, పక్క పోగుతో అతుక్కుంటుంది. చివరికి అదంతా ఒక వల. దీన్ని మైసీలియం అంటారు. నేను పోగుల వల అనే అంటాను. ఈ జీవికి నోరు లేదు, కడుపు లేదు. మనం అన్నం లోపల వేసుకుని అరిగించుకుంటాం. అది జీర్ణరసాలను బయటికి వదిలి, అన్నాన్ని అక్కడే కరిగించి, కరిగినదాన్ని పీల్చుకుంటుంది. కనుక ఆహారం ఏ దిక్కున వుంటే ఆ దిక్కుకు పెరుగుతుంది. పోగు గోడలో కైటిన్ అనే గట్టి పదార్థం వుంటుంది. రొయ్య పెంకులోను, పేడపురుగు వీపు మీద డాలులోను, మన పట్టుపురుగు చర్మంలోను వుండేది ఇదే. అన్రీ బ్రకొనో అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 1811 లో దీన్ని మొదట పుట్టగొడుగులలోనే కనుక్కున్నాడు.

రంపపు పొట్టునో, గడ్డి ముక్కలనో తడిపి, ఆ పోగులను అందులో పెరగనిస్తే, అవి ముక్క ముక్కకూ నడుమ దూరి, కొంత తిని, మిగిలినదాన్ని కుట్టినట్లు బిగిస్తాయి. జిగురు వేయనక్కరలేదు. అచ్చులో పోస్తే అచ్చు రూపం వస్తుంది. అప్పుడు ఆరబెట్టి వేడి చేస్తే జీవి చచ్చిపోతుంది, రూపం నిలిచిపోతుంది.

మేతతో శిలీంధ్రాన్ని నడిపించడం ఈనాడు పుట్టిన విద్య కాదు. పెన్సిలిన్ కథ చాలామంది విన్నారు గాని, అందులో మేత భాగం వినలేదు. లండనులో 1928 లో ఫ్లెమింగ్ ఆ బూజును చూశాడు. చూశాక పన్నెండేళ్లు గడిచినా రోగులకు చాలినంత మందు తీయలేకపోయారు. యుద్ధం నడుమ 1941 లో ఇంగ్లండు నుంచి ఫ్లోరీ, హీట్లీ అనే ఇద్దరు ఆ బూజును వెంటబెట్టుకుని అమెరికాలోని పియోరియా పట్టణపు ప్రభుత్వ ప్రయోగశాలకు వెళ్లారు. అక్కడ ఆండ్రూ మోయర్ అనే ఆయన, మొక్కజొన్న పిండి తీసే కర్మాగారాలలో మిగిలే నానబెట్టిన నీటిని మేతలో కలిపాడు. అది ఎవరికీ అక్కరలేని కుడితి. మందు దిగుబడి ఎన్నో రెట్లు పెరిగింది. బూజు మారలేదు, మేత మారింది. ఆ కుడితి దొరకకపోతే యుద్ధంలో గాయపడిన సైనికులకు మందు ఎప్పటికి అందేదో చెప్పలేము.

ఇక్కడ ఒక చిన్న మాట చెప్పి ముందుకు వెడతాను. ఈ సూక్ష్మజీవుల మందుల చరిత్రలో మన భీమవరంవాడైన యల్లాప్రగడ సుబ్బారావు పేరు వున్నది. ఆయన 1895 లో పుట్టి, అమెరికాకు వలస వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన విభాగానికి అధిపతిగా వుండి, 1948 లో అక్కడే కన్నుమూశాడు. ఆయన స్మృతిగా 1953 లో హెసెల్టైన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక కొత్త శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టాడు. ఇల్లు విడిచి దూరదేశం పోయిన తెలుగువాడి పేరు ఒక బూజుకు వున్నది. పండుగనాడు బూజు మాట ఎత్తినందుకు నాకు ఇంతకంటే మంచి సాకు దొరకదు.

పెన్సిలిన్ విషయంలో బూజు విసర్జించేది కావాలి. బూజు ఒళ్లు పారవేస్తారు. ఇప్పుడు జరుగుతున్న పనిలో ఆ ఒళ్లే సరుకు. కనుక మేతను బట్టి ఒళ్లు ఎట్లా మారుతుందో తెలియాలి. ఇటలీలోని జెనోవా నగరంలో కొందరు పరిశోధకులు చేసి, 2017 లో ప్రచురించిన ప్రయోగం ఇందుకు చక్కని ఉదాహరణ. వారు రెండు శిలీంధ్రాలను తీసుకున్నారు. ఒకటి మనం కూర వండుకునే ముత్యపుచిప్ప పుట్టగొడుగు. రెండవది గానోడెర్మా, చెట్టు మొదట్లో ఎర్రగా, వార్నీషు పూసినట్లు మెరిసే చెక్క పుట్టగొడుగు. రెంటికీ రెండు రకాల మేత పెట్టారు. ఒక పళ్లెంలో ఉత్త సెల్యులోజు, అంటే పత్తిలోను కాగితంలోను వుండే పీచు పదార్థం. మరొక పళ్లెంలో అదే సెల్యులోజుకు ఆలుగడ్డ రసం, చక్కెర చేర్చారు.

సెల్యులోజు అరగడం కష్టం, చక్కెర సులువు. కష్టమైన మేత తిన్న పోగులలో కైటిన్ పాలు పెరిగి, ఆరిన తరువాత ఆ పట్ట గట్టిగా, బిరుసుగా వచ్చింది. సులువైన మేత తిన్న పోగులలో కొవ్వులు, మాంసకృత్తులు ఎక్కువై, పట్ట మెత్తగా, లాగితే సాగేటట్లు వచ్చింది. కొవ్వు అక్కడ తోలుకు నూనె పూసినట్లు పనిచేస్తుంది. విత్తనం ఒకటే, పళ్లెం ఒకటే, ఎండ ఒకటే. తేడా అంతా మేతలో. కష్టపడి తిన్నవాడి ఒళ్లు గట్టిపడుతుందని మన ముసలివాళ్లు అనే మాటకు ఇది రుజువని నేను అనను. మనిషికీ బూజుకూ చాలా దూరం వున్నది. అయినా ఆ పట్టలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట గుర్తుకు రాక మానదు.

మేత ఒక్కటే కాదు, గాలి, వెలుతురు కూడా లెక్కలోకి వస్తాయి. హాలెండులోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయంవారు 2018 లో మరొక ప్రయోగం వెల్లడించారు. మన తోటల్లో ఎండు మామిడి కొమ్మల మీద బూడిద తెలుపులో చిన్న విసనకర్రల్లా పూసే పుట్టగొడుగు జాతినే వారు వాడారు. వెలుతురు, బొగ్గుపులుసు వాయువు పాళ్లు మార్చినా, పోగు పైపూతకు కారణమైన ఒక జన్యువును తొలగించినా, వచ్చిన పట్ట సాంద్రత మారి, దానితో పాటు బిరుసుదనం కూడా మారింది. గదిలో గాలి ఆడకుండా బొగ్గుపులుసు వాయువు పేరుకుంటే గానోడెర్మా గొడుగు విప్పదు, జింక కొమ్ముల్లా పొడుగ్గా సాగుతుంది. చాకీ గదిలో కిటికీ తెరవాలా మూయాలా అని మన ఆడవాళ్లు పడే తర్జనభర్జన ఆ ప్రయోగశాలల్లోనూ నడుస్తున్నదన్నమాట.

వీటితో ఏమేమి చేశారో త్వరగా చెబుతాను. అమెరికాలో ఎబెన్ బేయర్, గావిన్ మకింటైర్ అనే ఇద్దరు యువకులు 2007 లో ఎకోవేటివ్ అనే సంస్థ పెట్టి, పొలాల్లో మిగిలే చొప్పను పోగులతో బిగించి, ధర్మాకోలుకు బదులుగా గాజుసామాను చుట్టూ పెట్టే దిమ్మెలు చేశారు. న్యూయార్కులో 2014 వేసవిలో డేవిడ్ బెంజమిన్ అనే వాస్తుశిల్పి మొక్కజొన్న చొప్ప, శిలీంధ్రపు పోగులతో చేసిన సుమారు 10,000 ఇటుకలు పేర్చి ఒక గోపురం కట్టాడు. వేసవి అయిపోగానే విప్పి, ఎరువు చేసివేశారు. మనకు దగ్గరగా, మద్రాసు ఐ.ఐ.టి.లో లక్ష్మీనాథ్ కుందనాటి గారి బృందం అట్ట, రంపపు పొట్టు, కాగితం, కొబ్బరి పొట్టు, గడ్డి - ఈ అయిదింటి మీద, నేను పైన చెప్పిన ఆ రెండు శిలీంధ్రాలనే పెంచి, ఏ మేత మీద ఏ శిలీంధ్రం ఎంత గట్టిగా వస్తుందో పరీక్షించి 2025 లో ఫలితాలు ప్రకటించారు. కనుక ఇది సముద్రాల అవతలి ముచ్చట మాత్రమే కాదు.

మన ఊళ్లలో ఈ జీవికి పెట్టడానికి ఏమున్నది? పట్నంలో కూర్చుని రాసేవారు పల్లెల్లో టన్నుల కొద్దీ వ్యర్థం పడి వున్నదని రాస్తారు. ఆ మాట నాకు నచ్చదు. రైతు ఇంట్లో వ్యర్థమనేది అరుదు. రాగి గడ్డి వున్నది. అది పశువు నోటిది, దాన్ని తీసి పెట్టెలు చేయడం పాపం, పైగా ఎండాకాలంలో దాని ధర చూస్తే పెట్టె ఎవరూ కొనలేరు. బాగేపల్లి వైపు వేరుశనగ పొట్టు వున్నది. కొంత పొయ్యిలకు, బట్టీలకు పోతుంది, అయినా మిగులుతుంది. మల్బరీ పుల్ల వున్నది. ఆకు పురుగు తిన్నాక మిగిలిన పుల్లను ఎండబెట్టి అన్నం వండుకునే ఇళ్లు ఈనాటికీ వున్నాయి. అట్లాంటి ఇంటి నుంచి పుల్ల తీసుకుంటే, వంటచెరుకు వెల కంటే ఎక్కువ వెల ఇచ్చి తీసుకోవాలి. గ్యాసు పొయ్యి వచ్చిన ఇళ్లలో మాత్రం పుల్ల గట్టు మీద కుప్పలుగా పడి వుంటున్నది.

నా లెక్కలో మల్బరీ పుల్లకే మొదటి తాంబూలం. కట్టె భాగంలో సెల్యులోజు, దాన్ని బిగించే లిగ్నిను వున్నాయి. ముత్యపుచిప్ప జాతికి రెండూ అరుగుతాయి, నిదానంగా. నిదానంగా తిన్నదే గట్టిపడుతుందని జెనోవా ప్రయోగంలో చూశాం గదా. వేరుశనగ పొట్టు తేలిక. దాన్ని పుల్ల ముక్కలతో కలిపితే దిమ్మె బరువు తగ్గవచ్చు. అయితే వానకు తడిసి నల్లబడిన పొట్టును ముట్టుకోవద్దు, దాని మీద విషం పుట్టించే బూజు ముందే కాపురం పెట్టి వుంటుంది.

చాలామంది తవుడు కలపాలని ఉబలాటపడతారు. తవుడులో నత్రజని వున్నది. కొద్దిగా వేస్తే పోగులు త్వరగా అల్లుకుంటాయి. ఎక్కువ వేశారో, మన విత్తనం కంటే ముందు ఆకుపచ్చ బూజు ట్రైకోడెర్మా వచ్చి కూర్చుంటుంది. దిమ్మె లోపల వేడి కూడా పెరిగిపోతుంది. బెల్లపు నీళ్లు పోసినా అంతే, పిలవని చుట్టాలందరికీ విస్తరి వేసినట్లు. మేత అంటే పుష్కలంగా పెట్టడం కాదు. మనకు కావలసినవాడు మాత్రమే తినగలిగేది పెట్టడం. ఈ విద్యలో సగం రహస్యం అక్కడే వున్నదని నా నమ్మకం.

పని ఇట్లా జరుగుతుంది. పుల్లను చిన్న ముక్కలుగా కొట్టి, ఒక రాత్రి నానబెట్టి, పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి వుంచి, ఆవిరిలో బాగా ఉడికించాలి. చల్లారాక, గింజల మీద పెంచిన పుట్టగొడుగు విత్తనం కలిపి, శుభ్రం చేసిన అచ్చుల్లో నింపి, సుమారు 25 డిగ్రీల వేడిలో చీకటిగా వుంచాలి. వారం పది రోజుల్లో, ఒక్కోసారి రెండు వారాల్లో, ముక్కలు కనిపించకుండా తెల్లబడుతుంది. అప్పుడు అచ్చు తీసి, ఒకటి రెండు రోజులు బయట వుంచితే పైచర్మం చిక్కబడుతుంది. తరువాత ఎండలో ఆరబెట్టి, 70, 80 డిగ్రీల పొయ్యి గూట్లో పెట్టి జీవిని ఆపాలి. పుట్టగొడుగు పూసేదాకా ఆగకూడదు. పూస్తే బలం పండులోకి పోతుంది. పైగా అది విడిచే ధూళి మూసిన గదిలో పీల్చేవారికి దగ్గు, ఉబ్బసం తెస్తుంది. నీళ్లు నానబెట్టడానికీ, ఆవిరికీ మాత్రమే కావాలి. మల్బరీ తోటకు పెట్టే నీళ్లతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. ఖర్చంతా ఆవిరి పొయ్యి దగ్గర, ఆరబెట్టడం దగ్గర వస్తుంది. ఆరబెట్టడానికి మనకు ఎండ వున్నది. ఆ ఒక్కటి ఈ సీమలో ఎవరూ కొనుక్కోనక్కరలేదు.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట చెప్పాలి. పట్టు సీమలో శిలీంధ్రం పేరెత్తితే గుండె ఝల్లుమనే ఇళ్లు వున్నాయి. సున్నపుకట్టు రోగం తెలియనిదెవరికి? చలికాలంలోనో, ముసురు పట్టిన రోజుల్లోనో, బాగా తింటున్న పురుగులు చచ్చి, సుద్దముక్కల్లా తెల్లగా బిగిసిపోతాయి. నెల రోజుల కష్టం, చేసిన అప్పు, అన్నీ రెండు మూడు రోజుల్లో గట్టు మీద గుంటలో పూడ్చిపెట్టవలసి వస్తుంది. ఆ రోగానికి కారణం కూడా శిలీంధ్రమే. ఇటలీలో అగొస్తీనో బస్సీ అనే ఆయన ఏళ్ల తరబడి ఈ చచ్చిన పురుగులను పరీక్షించి, పురుగు నుంచి పురుగుకు అంటే ఒక సజీవమైన బూజే దీనికి మూలమని 1835 లో నిరూపించాడు. జంతువుల రోగానికి కంటికి ఆనని జీవి కారణమని తేలడం అదే మొదలు. పాశ్చర్ పట్టుపురుగుల జోలికి రావడానికి అది ముప్పై ఏళ్ల ముందు మాట. ఆ బూజుకు బస్సీ పేరే నిలిచిపోయింది, బ్యూవేరియా బస్సియానా అని.

ముత్యపుచిప్ప పుట్టగొడుగు వేరు, బ్యూవేరియా వేరు. మొదటిది కట్టె తినేది, రెండవది పురుగును తినేది. మొదటిది పెంచినందువల్ల సున్నపుకట్టు పుట్టదు. అయినా రెండు జాగ్రత్తలు విడవరాదు. పురుగుల పడక కింద మిగిలిన పుల్లను, రెట్టతో కలిసినదాన్ని, ఈ పనికి తీసుకోకూడదు. అందులో రోగబీజాలు వుండవచ్చు, అది ఊరూరా తిరిగితే రోగం కూడా తిరుగుతుంది. బ్లీచింగు పొడి చల్లిన పుల్ల మీద మన విత్తనం కూడా సరిగా పెరగదు. తోటలో కొట్టివేత సమయంలో వచ్చే శుభ్రమైన పుల్లనే తీసుకోవాలి. ఇక అచ్చుల గది పెంపకపు గదికి దూరంగా వుండాలి, ఒకే మనిషి అక్కడి నుంచి ఇక్కడికి కాళ్లు కడుక్కోకుండా రాకూడదు. పెంపకంలో పేరుపొందిన ఇళ్లలో ఈ నియమం ఎట్లాగూ వున్నది.

రెండవ భయం గానోడెర్మాతో. పుస్తకాల్లో ఎక్కడ చూసినా దాని పొగడ్తే. కాని కొబ్బరి, పోక తోటలున్నవారు కన్నడంలో అణబె రోగం అంటారే, చెట్టు మొదలు కుళ్లి బంక కారి చచ్చేది, అది ఈ జాతి చేసే పనే. పొరుగు తోటలో కొబ్బరి చెట్లున్న చోట గానోడెర్మాను పెంచడం నేను ఒప్పుకోను. ముత్యపుచిప్ప చాలు. దాని విత్తనం, శిక్షణ బెంగుళూరు పక్కన హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థలో దొరుకుతాయి. చింతామణి దగ్గర కురుబూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయంవారి కళాశాల వున్నది. మల్బరీ పుల్లను గురించి అడగడానికి అంతకంటే దగ్గర చోటు లేదు.

కొనేవాడెవడు అని మీరు అడగాలి. అడగకపోతే నేనే అడుగుతాను. ధర్మాకోలు చవక, తేలిక, నీళ్లు పీల్చదు. శిలీంధ్రపు దిమ్మె దానికంటే బరువు, తడిలో వుంచితే నీళ్లు పీల్చి చెడుతుంది. దాని గొప్పతనమల్లా వాడిన తరువాత మట్టిలో వేస్తే కొద్ది నెలల్లో మట్టి అయిపోవడం, నిప్పు అంటితే ధర్మాకోలులా కరిగి భగ్గున మండకపోవడం. మన దేశంలో 2022 జూలై 1 నుంచి అలంకరణకు వాడే ధర్మాకోలును నిషేధించారు గాని, సామాను పెట్టెల్లో పెట్టే ధర్మాకోలు ఆ నిషేధంలో లేదు. కనుక చట్టం మన సరుకును అమ్మిపెట్టదు. బెంగుళూరులో అద్దాల సామాను, యంత్ర భాగాలు, దీపాలు పంపేవారు వున్నారు. చిక్కబళ్లాపురం నుంచి అరవై కిలోమీటర్ల లోపు, బాగేపల్లి నుంచి హైదరాబాదు రోడ్డు మీద నేరుగా పోవచ్చు. అది మన బలం. తేలికైన, బుట్టెడు చోటు ఆక్రమించే సరుకును దూరం మోసుకుపోవడం నష్టం. దగ్గరివాడే దీన్ని లాభంగా అమ్మగలడు.

తోలు పట్టల మీద మాత్రం ఇప్పుడే ఆశలు పెంచుకోవద్దు. పెద్ద పెట్టుబడితో, పేరుపొందిన దుస్తుల కంపెనీల అండతో అమెరికాలో మొదలైన మైలో అనే శిలీంధ్రపు తోలు తయారీని 2023 లో ఆపివేశారు. ప్రయోగశాలలో జానెడు పట్ట రావడం వేరు, వెయ్యి గజాలు ఒకే మందంగా రావడం వేరు.

అంత అనుమానంగా చెబుతూ మరి ఎందుకు చెబుతున్నావయ్యా అంటారేమో. 2011 లో ముడి పట్టు మీద దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి దించారు. అప్పుడు గూళ్ల ధర ఎట్లా కూలిందో ఈ సభలో కొందరు మరిచిపోయి వుండరు. తోటలు పెరికివేసినవారు వున్నారు, పిల్లలను బెంగుళూరు కర్మాగారాలకు పంపినవారు వున్నారు. రెండేళ్లకు సుంకం 15 శాతానికి పెంచారు గాని, పెరికిన తోట మళ్లీ రాలేదు. ఒక్క గూటి ధర మీదే ఇల్లు నిలబడితే ఢిల్లీలో ఒక కాగితం కదిలినా ఇల్లు కదులుతుంది. అదే తోటలోని పుల్లకు కూడా ఒక వెల వస్తే, ఆకు ధర పడిన ఏడు తోటను పెరకకుండా వుంచుకోవడానికి అది కొంత ఆసరా. కొంతే. పట్టు ఇచ్చినంత పుల్ల ఎన్నటికీ ఇవ్వదు.

ఆ వెల ఎవరు కడతారన్నది కూడా ముందే ఆలోచించుకోవాలి. బయటివాడు వచ్చి, పుల్ల ఊరికే తోలుకుపోయి, దిమ్మెలు చేసి అమ్ముకుంటే మనకు మిగిలేది బండి జాడ. ఆవిరి పొయ్యి, అచ్చులు, ఆరబెట్టే గూడు మూడూ పదిమంది ఆడవాళ్ల సంఘం పెట్టుకోగలిగినంత చిన్నవే. చాకీ గదులు నడిపిన చేతులకు తేమ చూడడం, శుభ్రం పాటించడం ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. పట్నపు ఇంజనీరుకు ఆరు నెలలు పట్టే పని వారికి ఆరు వారాల్లో పట్టుబడుతుందని నేను పందెం వేస్తాను.

చివరగా, కళాశాలల్లో చదువుతున్న మన పిల్లలకు ఒక పని చెప్పి ముగిస్తాను. ఒకే కొలత గల పన్నెండు అచ్చులు తీసుకోండి, పాత ప్లాస్టిక్ డబ్బాలైనా చాలు. నాలుగింటిలో ఉత్త మల్బరీ పుల్ల ముక్కలు. నాలుగింటిలో అదే పుల్లకు నూటికి అయిదు పాళ్లు తవుడు. తక్కిన నాలుగింటిలో పుల్ల, వేరుశనగ పొట్టు సమభాగాలు. విత్తనం అన్నిటికీ ఒకే సీసాలోది, ఆవిరి ఒకే గిన్నెలోది. ఏది ఎన్ని రోజుల్లో తెల్లబడిందో, ఎన్నింటికి పచ్చబూజు వచ్చిందో రాసుకోండి. ఆరాక తూకం వేయండి. రెండు ఇటుకల నడుమ వంతెనలా పెట్టి, మధ్యలో బరువు కడుతూ ఎంతకు విరుగుతుందో చూడండి. ఒక ముక్కను రాత్రంతా నీళ్లలో వేసి మళ్లీ తూచండి. ఇంకొక ముక్కను తులసికోట పక్కన మట్టిలో పాతి, వారానికొకసారి తవ్వి చూడండి. ఆ కాగితాలు పట్టుకుని వచ్చేవారితో మాట్లాడడానికి నేను ఏ ఆదివారమైనా సిద్ధం. అధ్యక్షులవారు గడియారం వైపు రెండోసారి చూశారు, వంటశాల నుంచి బొబ్బట్ల వాసన కూడా వస్తున్నది. సెలవు.